లియొనార్డో మెదడుపై ఒక ఆన్‌లైన్ కోర్సు: మైనపు అచ్చు, దానిపై అతికించిన చీటీలు

లియొనార్డో డా విన్సీ సృజనశక్తికి మూలం ఆయన మెదడులో ఎక్కడ ఉందో నేటి నాడీశాస్త్రం సాయంతో చూపిస్తామని చెప్పుకునే ఎనిమిది పాఠాల ఆన్‌లైన్ కోర్సు ఒకదాన్ని ఈమధ్య పూర్తి చేశాను. కోర్సు పేరును, దాన్ని నడిపే సంస్థ పేరును ఇక్కడ ఉద్దేశపూర్వకంగానే రాయడం లేదు. ఈ విషయం మీద ఇటువంటి కోర్సులు ఇప్పుడు చాలా దొరుకుతున్నాయి, నేను చెప్పబోయే మంచిచెడ్డలు వాటిలో చాలావాటికి వర్తిస్తాయి. డబ్బు, సమయం పెట్టబోయేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. ఎనిమిది పాఠాల్లో నాలుగు చాలా బాగున్నాయి, రెండు ఫరవాలేదు, రెండు వినకపోయినా నష్టం లేదు. చిక్కేమిటంటే, ప్రకటనలో గొప్పగా చూపినవి ఆ చివరి రెండే.

మొదటి పాఠం జీవితచరిత్ర. 1452 ఏప్రిల్ 15న విన్చి సమీపంలో పుట్టుక, తండ్రి నోటరీ అయినా వివాహేతర సంతానం కావడంతో లాటిన్ చదువు సక్రమంగా అందకపోవడం, ఫ్లోరెన్స్‌లో శిల్పి, చిత్రకారుడు వెర్రోక్యో కార్మికశాల, మిలాన్‌లో లుడోవికో స్ఫోర్జా కొలువు, చివరికి ఫ్రాన్స్‌లోని అంబ్వాజ్‌లో 1519 మే 2న మరణం. ఇవన్నీ తెలిసినవారు ఈ పాఠాన్ని దాటవేయవచ్చు. ఒక్క విషయం మాత్రం బోధకుడు బాగా పట్టుకున్నారు. తాను అక్షరజ్ఞానం లేనివాడినని, అంటే లాటిన్ పండితుడిని కానని లియొనార్డో స్వయంగా రాసుకున్నాడు. అనుభవమే తన గురువు అని కూడా అన్నాడు. గ్రంథాలు చెప్పినదాన్ని కళ్లతో సరిచూసుకునే అలవాటు ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కావడానికి ఇది పనికివస్తుంది.

కోర్సుకు ప్రాణం రెండో పాఠం. లియొనార్డో మెదడును మనం చూడటం కాదు, లియొనార్డో మెదడును ఎలా చూశాడన్నది ఇందులో విషయం. ఆయన 1489లో గీసిన కపాలచిత్రాలతో పాఠం మొదలవుతుంది. పుర్రెను నిలువునా కోసి, లోపలి కుహరాల కొలతలు తీసి, గీతలు ఒకదానినొకటి ఖండించే చోట ఆత్మకు నిలయం ఉంటుందని ఆయన గుర్తు పెట్టాడు. ఆ కాలం నాటి పండితుల నమ్మకం ప్రకారం మెదడు లోపల వరుసగా మూడు గదులు ఉంటాయి. మొదటి గదిలో ఇంద్రియాల సమాచారం చేరుతుంది, రెండో గదిలో ఆలోచన సాగుతుంది, మూడో గదిలో జ్ఞాపకం నిలుస్తుంది. ఆయన తొలినాటి చిత్రం ఒకదానిలో ఈ మూడు గదులు పూసల్లా ఒకే వరుసలో కనిపిస్తాయి. పక్కనే అడ్డంగా కోసిన ఉల్లిపాయ బొమ్మ ఉంటుంది, తలపై పొరలను దానితో పోల్చడానికి.

అటుతరువాత, 1508–1510 ప్రాంతంలో, ఆ గదుల అసలు ఆకారం తెలుసుకోవడానికి ఆయన చేసిన పని ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఎద్దు మెదడులో ద్రవం నిండి ఉండే కోష్ఠకాలలోకి సన్నని గొట్టాలు దించి గాలి బయటికి పోయే దారి ఏర్పాటు చేశాడు. మరొక రంధ్రం గుండా కరిగిన మైనాన్ని పిచికారీతో ఎక్కించాడు. మైనం గట్టిపడ్డాక చుట్టూ ఉన్న మెదడును తొలగించి అచ్చును చేతిలోకి తీసుకున్నాడు. విగ్రహాలు పోతపోసే కార్మికశాలలో నేర్చిన విద్య ఇది. గుర్రం విగ్రహానికి అచ్చు పోయడం తెలిసినవాడికే మెదడుకు అచ్చు పోయవచ్చన్న ఆలోచన తడుతుంది. బోధకుడు ఈ సంబంధాన్ని తొందరపడకుండా, ఒక్కొక్క మెట్టుగా విప్పి చెప్పిన తీరు చాలా బాగుంది. అచ్చు చేతికి వచ్చాక పూసల వరుస మాయమైంది. కొమ్ముల్లా వంగిన రెండు పక్క కోష్ఠకాలు, వాటికి దిగువన మిగిలినవి కాగితం మీదికి వచ్చాయి.

ఇక్కడే నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన అంశం ఉంది, దాన్ని కోర్సు ఒక్క వాక్యంలో దాటేసింది. గదుల ఆకారాన్ని అంత కచ్చితంగా చూసిన లియొనార్డో, అదే చిత్రంలో వాటిపై పాత పేర్లనే రాశాడు. ఇంద్రియాల ముద్రలు పడే గది, అవన్నీ ఒకటయ్యే 'సామాన్య ఇంద్రియం' ఉండే గది, జ్ఞాపకాల గది అని. కళ్లు కొత్తది చూశాయి, కలం పాత చీటీ అతికించింది. ఆయన పరిశీలన ఐదు వందల ఏళ్ల తరువాత కూడా చెక్కుచెదరలేదు. ఆ చీటీల్లో ఒక్కటీ మిగలలేదు. ఈ పాఠం విన్నవారు ఈ తేడాను మనసులో పెట్టుకుంటే మిగతా కోర్సును తూచడానికి చేతిలో ఒక త్రాసు ఉన్నట్టే. నేను ఆ త్రాసుతోనే మిగతా పాఠాలను విన్నాను.

కప్ప ప్రయోగం కూడా ఇదే పాఠంలో వస్తుంది. తల, గుండె, పేగులు తీసేసినా కప్ప కొంతసేపు బతికి ఉంటుందని, వెన్నుపామును సూదితో పొడిస్తే వెంటనే వణికి చస్తుందని లియొనార్డో రాసుకున్నాడు. ప్రాణానికి, కదలికకు మూలం అక్కడే ఉందని అనుకున్నాడు. కంటి నుంచి వచ్చే దృక్ నాడులు ఒకచోట కలిసే కూడలిని కూడా ఆయన గీశాడు. ఇవన్నీ అచ్చుకాకుండా నోటు పుస్తకాల్లోనే ఉండిపోయినందువల్ల తరువాతి శరీరశాస్త్రజ్ఞులకు అందలేదన్న బాధ బోధకుడి గొంతులో వినిపించింది. అది నటన కాదనిపించింది.

మూడో పాఠం పేరు 'కుడి మెదడు మేధావి'. ప్రకటనలో అందరికన్నా ముందు కనిపించే పేరు ఇదే, నన్ను ఎక్కువగా నిరాశపరిచిన పాఠమూ ఇదే. లియొనార్డోది ఎడమచేతివాటం, అద్దంలో చూస్తే తప్ప చదవలేని విధంగా కుడి నుంచి ఎడమకు రాశాడు, కాబట్టి ఆయన కుడి అర్ధగోళం, అంటే మెదడులో కుడి సగం, ఎడమదానికన్నా బలమైనది, కళాకారులందరిదీ అదే తీరు అని వాదన. ఇందులో మొదటి రెండూ నిజాలే. 'కాబట్టి' తరువాత వచ్చినదానికి మాత్రం ఆధారం లేదు.

మెదడు అర్ధగోళాలను కలిపే నాడీతంతువుల కట్టను కోసిన రోగులపై రోజర్ స్పెర్రీ చేసిన పరిశోధనలకు 1981లో నోబెల్ బహుమతి లభించింది. రెండు అర్ధగోళాలకు కొన్ని ప్రత్యేక నైపుణ్యాలు ఉన్నాయని ఆ పరిశోధనలు చూపాయి. ఆ కట్ట తెగనివారిలో ఒక మనిషి 'కుడి మెదడువాడు', మరొకడు 'ఎడమ మెదడువాడు' అవుతాడని అవి చెప్పలేదు. 2013లో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1,011 మంది మెదడు స్కాన్లను పరిశీలించి, ఒక మనిషిలో మొత్తంగా ఒక అర్ధగోళపు నాడీ వలయాలే బలంగా ఉండటం అనేది కనిపించలేదని తేల్చారు. పోనీ ఎడమచేతివాటం సంగతి చూద్దామన్నా, అటువంటివారిలో కూడా సుమారు 70 శాతం మందికి భాష ప్రధానంగా ఎడమ అర్ధగోళంలోనే ఉంటుంది. కుడిచేతివాటం వారిలో అది దాదాపు 95 శాతం. అంటే చేతిని బట్టి ఒక వ్యక్తి మెదడు అమరికను ఊహించడం పందెం కాయడమే. తడి సిరా చేతికి అంటకుండా ఉండటానికి ఎడమచేతివాటం వ్యక్తికి కుడి నుంచి ఎడమకు రాయడం సులువు అన్న సాదా వివరణ పాఠంలో ఎక్కడా రాలేదు. పైగా ఆయన రెండు చేతులూ వాడగలవాడు. 1473 ఆగస్టు 5 తేదీ వేసిన ఆర్నో లోయ చిత్రంపై 2019లో ఫ్లోరెన్స్‌లో జరిగిన పరీక్షలో, దానిపై ఉన్న మామూలు రాత కూడా ఆయన కుడిచేత్తో రాసిందేనని నిపుణులు నిర్ధారించారు. ఈ సంగతి తెలిస్తే ఆ పాఠం మొత్తాన్నీ తిరిగి రాయాల్సి వచ్చేది.

నాలుగో పాఠం మోనాలిసా చిరునవ్వు. దీని గురించి ఇంతకుముందు వందసార్లు విన్నానన్న విసుగుతో మొదలుపెట్టి, పూర్తయ్యాక మళ్లీ మొదటినుంచి విన్నాను. మన రెటీనాలో, అంటే కంటి వెనుక తెరలో, పచ్చచుక్క మధ్యభాగం మాత్రమే సూక్ష్మమైన వివరాలను చూడగలదు. పక్కచూపుకు ముతక వెలుగునీడలే అందుతాయి. హార్వర్డ్ నాడీశాస్త్రజ్ఞురాలు మార్గరెట్ లివింగ్‌స్టన్ 2000లో చేసిన విశ్లేషణ ప్రకారం, మోనాలిసా నవ్వు ఎక్కువగా ఈ ముతక వెలుగునీడల్లోనే ఉంది. ఆమె కళ్లవైపు చూస్తే పక్కచూపులో పడిన పెదవులు, చెంపల నీడలు కలిసి నవ్వుగా తోస్తాయి. నేరుగా పెదవులవైపే చూస్తే వివరాలు ముందుకొచ్చి నవ్వు తగ్గుతుంది. కోర్సులో ఇచ్చిన మూడు బొమ్మలు, అంటే వివరాలు తీసేసినది, సగం తీసినది, పూర్తిగా ఉన్నది, తెరపై పక్కపక్కన పెట్టినప్పుడు ఈ సంగతి మాటల అవసరం లేకుండా అర్థమవుతుంది.

దీనికి జోడుగా పాఠం రెండు విషయాలు చెబుతుంది, రెండూ కచ్చితమైనవే. కంటికి మధ్యగా ఒక రేఖ ఉందని, ఆ రేఖ వెంట వచ్చేవి స్పష్టంగా కనిపిస్తాయని, దాని నుంచి దూరమైనకొద్దీ స్పష్టత తగ్గుతుందని లియొనార్డో స్వయంగా రాసుకున్నాడు. ఇక రెండోది రంగుల సంగతి. లూవ్ర్ మ్యూజియంలోని ఆయన చిత్రాలను ఎక్స్-కిరణాలతో పరీక్షించి 2010లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ముఖాల నీడల కోసం వేసిన పలుచని పొరలు ఒక్కొక్కటి ఒకటి రెండు మైక్రోమీటర్ల మందం మాత్రమే. అన్నీ కలిపినా సుమారు 40 మైక్రోమీటర్లకు మించవు. నాడీశాస్త్రం తన పరిధిలో మాట్లాడినప్పుడు ఎంత నమ్మకంగా మాట్లాడగలదో ఈ పాఠం చూపుతుంది. ఇక్కడ పరీక్షిస్తున్నది చూసేవారి కన్నును, మెదడును. అవి మన దగ్గరే ఉన్నాయి. మూడో పాఠం పరీక్షించానని చెప్పుకున్న మెదడు ఎవరి దగ్గరా లేదు.

ఐదో పాఠం పోలికలు వెతికే బుద్ధి గురించి. ప్రవహించే నీటి సుడులను జడ వంపులతో పోల్చి గీసిన పుట, గుండె నుంచి రక్తం బయటికి పోయే బృహద్ధమని కవాటం మూసుకునే తీరును తెలుసుకోవడానికి గాజు నమూనాలో గడ్డి గింజలు కలిపిన నీటిని పారించి సుడులను చూసిన పద్ధతి, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పారు. కవాటం వెనుక ఏర్పడే ఆ సుడులే కవాటం మూసుకోవడానికి తోడ్పడతాయని ఆయన ఊహించినది 20వ శతాబ్దంలో ప్రయోగాల్లో రుజువైంది. దూరపు విషయాల మధ్య పోలికను పట్టుకునేటప్పుడు మెదడు ముందుభాగపు కొస ప్రాంతం చురుగ్గా ఉంటుందని స్కాన్ అధ్యయనాలు చెబుతున్నాయి. బోధకుడు ఈ మాటను హద్దు దాటకుండా చెప్పారు. ఇది నేటి మనుషుల్లో కనిపించిన సంగతి అని, లియొనార్డోలో కూడా అంతే అయి ఉండవచ్చని మాత్రమే అన్నారు. ఆ జాగ్రత్త మూడో పాఠంలో ఏమైందో తెలియదు. రెండు పాఠాలను ఇద్దరు వేర్వేరు మనుషులు రాసి ఉంటారన్నది నా అనుమానం.

ఆరో పాఠం జబ్బుల పాఠం. దీనికి 'నిర్ధారణ' అని పేరు పెట్టడమే పెద్ద తప్పు. 2019లో మార్కో కతానీ, పావ్లో మజ్జరెల్లో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, లియొనార్డో పనులు మొదలుపెట్టి వదిలేసే అలవాటును, ఒకదానినుంచి మరొకదానికి దూకే తీరును చూసి ఆయనకు ఏడీహెచ్‌డీ అనే ఏకాగ్రతాలోపం ఉండి ఉండవచ్చని ఒక వైద్య పత్రికలో ప్రతిపాదించారు. 500 ఏళ్ల క్రితం మనిషికి కచ్చితమైన రోగనిర్ధారణ సాధ్యం కాదని కతానీయే చెప్పారు. 2018లో క్రిస్టొఫర్ టైలర్ అనే దృష్టిశాస్త్రజ్ఞుడు, లియొనార్డో రూపమని భావించే శిల్పాలు, వర్ణచిత్రాలు, రేఖాచిత్రాలు కలిపి ఆరింటిలో కనుపాపల స్థానాన్ని కొలిచి, ఆయనకు అప్పుడప్పుడు కన్ను బయటికి తిరిగే మెల్లకన్ను ఉండవచ్చని, సడలినప్పుడు అది సుమారు 10.3 డిగ్రీలు తిరిగేదని, అందువల్ల ప్రపంచాన్ని బల్లపరుపుగా చూసి కాగితం మీదికి దించడం సులువై ఉంటుందని రాశారు. ఆలోచన చక్కనిదే. అయితే ఆ ఆరు బొమ్మల్లో ఉన్నది లియొనార్డో రూపమే అన్నది నమ్మకమే కాని రుజువు కాదు. వాటిలో వెర్రోక్యో చేసిన కంచు దావీదు, లియొనార్డో గీసిన విట్రువియన్ మనిషి కూడా ఉన్నాయి. పాఠం ఈ 'ఉండవచ్చు'లన్నిటినీ తీసేసి, 'ఉంది', 'ఉండేది' అని మార్చి చెప్పింది. పోనీ ఈ రెండింటి దగ్గరైనా ఆగిందా అంటే, లియొనార్డో ప్రతి నాలుగు గంటలకు ఇరవై నిమిషాలు మాత్రమే పడుకునేవాడన్న ప్రచారాన్ని కూడా చేర్చింది. ఆయన రాతల్లో గాని, ఆయన్ని చూసినవారి రాతల్లో గాని దానికి ఆధారం లేదు.

ఇటువంటి పొరపాటు కొత్తది కాదు. 1910లో సిగ్మండ్ ఫ్రాయిడ్ లియొనార్డో బాల్యస్మృతి ఒకదాని మీద పెద్ద విశ్లేషణ కట్టాడు. ఊయలలో ఉన్నప్పుడు ఒక పక్షి వచ్చి తోకతో తన నోటిని తాకిందని లియొనార్డో రాసుకున్నాడు. ఇటాలియన్ మూలంలో ఉన్నది గద్ద. ఫ్రాయిడ్ చదివిన జర్మన్ అనువాదంలో అది రాబందు అయింది. రాబందుకు, ఈజిప్టు మాతృదేవతకు ఉన్న సంబంధం మీద ఆయన కట్టిన వాదనకు ఆ ఒక్క మాటతో పునాది పోయింది. ఆరో పాఠం ఈ ఉదంతాన్ని నవ్వుతూ చెప్పి, మరు నిమిషంలోనే తానూ అదే పని చేయడం వింతగా ఉంది.

చేతి సంగతి మాత్రం ఈ పాఠంలో విలువైనది. 1517 అక్టోబరులో అంబ్వాజ్‌లో లియొనార్డోను చూసిన, ఒక కార్డినల్ కార్యదర్శి అయిన అంటోనియో దే బెయాటిస్, ఆయన కుడిచేయి పనిచేయడం లేదని రాశాడు. అది పక్షవాతం అని చాలాకాలం అనుకున్నారు. మోచేతి వద్ద నాడి దెబ్బతిన్నదై ఉండవచ్చని 2019లో ఇద్దరు ఇటాలియన్ వైద్యులు ప్రతిపాదించారు. ముడుచుకున్న వేళ్లతో ఉన్న ఒక పాత చిత్రం వారికి ఆధారం. ఆయన బొమ్మ గీసేది ఎడమచేత్తో, రంగుపలక పట్టేది కుడిచేత్తో. బోధన, రేఖాచిత్రాలు కొనసాగి, వర్ణచిత్రాలు ఎందుకు ఆగిపోయాయో దీనితో కొంత అర్థమవుతుంది.

ఏడో పాఠం ఊహ, విరామం గురించి. లియొనార్డో 'చివరి విందు' గీస్తున్న రోజుల్లో అక్కడ తిరుగుతూ చూసిన మత్తేయో బండెల్లో రాసిన జ్ఞాపకం ఇందులో వినిపిస్తారు. ఒక్కోరోజు తెల్లవారింది మొదలు చీకటిపడేదాకా అన్నం నీళ్లు మరిచి కుంచె దించకుండా పనిచేసేవాడు. ఆపై రెండు మూడు రోజులు కుంచె ముట్టకుండా గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఒక్కోసారి మండుటెండలో గుర్రం విగ్రహపు మట్టి నమూనా పని ఆపి నేరుగా ఆ గోడ ఉన్న మఠానికి వచ్చి, ఒకటి రెండు గీతలు పెట్టి వెళ్లిపోయేవాడు. దీనికి పక్కన 2001లో మార్కస్ రైకల్ బృందం పేరుపెట్టిన 'డిఫాల్ట్ మోడ్' వలయాన్ని, అంటే బయటి పని ఏదీ లేనప్పుడు మెదడులో చురుగ్గా ఉండే ప్రాంతాల సముదాయాన్ని వివరించారు. 2018లో రోజర్ బీటీ బృందం 163 మందికి మామూలు వస్తువులకు కొత్త ఉపయోగాలు చెప్పమని స్కానర్‌లో పరీక్ష పెట్టి, ఎక్కువ సృజన చూపినవారిలో ఈ వలయం, అదుపుచేసే వలయం, ముఖ్యమైనదాన్ని గుర్తించే వలయం ఒకదానితో ఒకటి గట్టిగా కలిసి పనిచేస్తాయని కనుగొంది. మామూలుగా ఒకటి లేస్తే మరొకటి తగ్గే వలయాలు ఇవి. ఈ రెండింటినీ పక్కన పెట్టి, 'ఇందువల్లే' అనకుండా వదిలేయడం ఈ పాఠానికి వన్నె తెచ్చింది. మరకలు పడిన గోడను చూస్తూ కొండలను, యుద్ధాలను, ముఖాలను ఊహించమని, రాత్రి చీకట్లో పడకమీద పగలు చూసిన ఆకారాలను మనసులో తిరిగి గీసుకోమని చిత్రకారులకు లియొనార్డో ఇచ్చిన సలహాలు కూడా ఇక్కడే వస్తాయి. పాఠం చివర ఇచ్చిన అభ్యాసాల్లో ఈ రెండూ ఉన్నాయి; మొదటిది పది నిమిషాల్లో అలవాటవుతుంది, రెండోది చాలా కష్టం.

ఎనిమిదో పాఠం ముగింపు, అది సాదాగా ఉంది. అయితే అందులో ఒక నిజాయితీ కనిపించింది. లియొనార్డోను అంబ్వాజ్‌లోని సెయింట్ ఫ్లొరెంటిన్ ప్రార్థనాలయంలో పాతిపెట్టారు. ఆ కట్టడం తరువాత కూల్చివేతకు గురైంది. 1863లో తవ్వకాల్లో దొరికిన ఎముకలు ఆయనవేనని భావించి, ఇప్పుడు సెయింట్ హ్యూబర్ట్ ప్రార్థనాలయంలో ఉంచారు. దొరికినవి ఎముకలే, మెదడు కాదు. మెదడు దొరికినా పెద్ద లాభం లేదని చెప్పడానికి బోధకుడు ఐన్‌స్టీన్ ఉదాహరణ ఇచ్చారు. 1955లో భద్రపరిచిన ఆ మెదడు ముక్కలను 1985లో మేరియన్ డైమండ్ బృందం 11 మంది మెదళ్లతో పోల్చి ఒక ప్రాంతంలో సహాయక కణాల నిష్పత్తి ఎక్కువ అని చెప్పింది. అంత తక్కువ నమూనాతో ఆ మాట నిలవదన్న విమర్శ తరువాత వచ్చింది. ఈ వివరణ మూడో పాఠానికి ముందే ఇచ్చి ఉంటే ఆ పాఠం అవసరమే ఉండేది కాదు.

కోర్సు నిర్మాణం గురించి కొంత. నోటు పుస్తకాల పుటలు స్పష్టంగా, పెద్దవిగా చూపించారు, కావలసినచోట అద్దపు రాతను తిప్పి చదివించారు. ఇది నిజంగా శ్రమపడి చేసిన పని. మెదడు బొమ్మలపై మెరిసే రంగులు మాత్రం విసుగు తెప్పిస్తాయి. ఎవరి స్కాన్, ఏ పనిలో తీసినది అని చెప్పకుండా ఎర్రగా వెలిగించిన మెదడును పదేపదే చూపిస్తే, చూసేవారు అది లియొనార్డోదేనని అనుకునే ప్రమాదం ఉంది. పాఠాల చివర వచ్చే ప్రశ్నలు తేలిక. 'ఉండవచ్చు' అన్నదానిని 'ఉంది' అని గుర్తించినవారికే మార్కులు పడిన ప్రశ్నలు రెండు ఎదురయ్యాయి. వాటి గురించి నిర్వాహకులకు రాశాను, మర్యాదగా ఒక జవాబు వచ్చింది, ప్రశ్నలు మాత్రం అలాగే ఉన్నాయి.

కొత్తగా చేరేవారు వరుసను మార్చి వినడం మంచిది. ముందు రెండో పాఠం, తరువాత నాలుగు, ఐదు, ఏడు; అవి అయ్యాక ఎనిమిదోదాన్ని, దాని వెనుక ఆరోదాన్ని వింటే ఏది పరిశీలన, ఏది అతికించిన చీటీ అన్నది చెవికి తెలిసిపోతుంది. రెండో పాఠంలో మైనపు అచ్చు పుట తెరపైకి వచ్చినప్పుడు వీడియో ఆపి, ఆ మూడు గదుల పక్కన ఆయన చేతిరాతలో ఉన్న పేర్లను ఒకసారి పెద్దది చేసి చూడండి.